మరదలి స్థలంలో గుడ్లగూబలు

వెండెల్ ప్రూట్ తన జీవితంలో ఎవరికీ కీడు తలపెట్టలేదు. ఒక్కసారి తలపెట్టాడు, అదీ గుడ్లగూబలను నమ్ముకుని. కీడు చేయడంలో అనుభవం లేనివాడు మొదటిసారే పక్షుల్ని భాగస్వాములుగా పెట్టుకోకూడదని అతనికి చెప్పేవాళ్లు లేకపోయారు.

అతడు ఉద్యోగమంతా ఉత్తరాదిన టొలీడో అనే ఊళ్లో, గాజుసీసాల కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో చేశాడు. మూత బిగుసుకుపోయిందని ఒకడు, మూత ఊడిపోయిందని ఒకడు, కింద పడేస్తే పగిలిందని ఒకడు అతనికి ఫోన్ చేసి అరిచేవారు. అతడు "మీ బాధ నాకు అర్థమైంది" అనేవాడు. ఆ వాక్యాన్ని దేశంలో అతనికన్నా ఎక్కువసార్లు అన్నవాడు లేడని కంపెనీలో చెప్పుకునేవారు. పదవీ విరమణ రోజున తోటివాళ్లు కేకు కోయించి, ఇక ఏం చేస్తావని అడిగితే, "ఏమీ వినను" అన్నాడట.

అందుకే ఫ్లోరిడాలో మా శాండ్‌స్పర్‌కు వచ్చి, వీధి చివరి ఇల్లు చూసి మరీ కొన్నాడు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఖాళీ స్థలం. కాలువలోంచి అప్పుడప్పుడు ఒక మొసలి తల ఎత్తి చూసేది గాని, దానికి ఫిర్యాదులేమీ ఉండేవి కావు. వెండెల్ వరండాలో కుర్చీ వేసుకుని, ఆ ఖాళీ స్థలం వైపు చూస్తూ, దాని ఖాళీతనాన్ని ఆస్వాదించేవాడు. మిగతా సమయమంతా గడ్డికి. మా ఊళ్లో ఆదివారం చర్చికి రానివాణ్ణి క్షమిస్తాం. శనివారం గడ్డి కోయనివాణ్ణి క్షమించం. ఆ లెక్కన వెండెల్ మహాభక్తుడు. అతని గడ్డి మీద నడవాలంటే తపాలా మనిషి కూడా ఒక్క క్షణం ఆగి బూట్ల అడుగు చూసుకునేవాడు.

భార్య నోలా మితభాషి. చిన్నప్పుడు వాళ్లింట్లో ఉన్న మాటలన్నీ చెల్లెలు వాడేయడం వల్ల అక్కకు మిగల్లేదని వెండెల్ సిద్ధాంతం. ఆ చెల్లెలే ఆర్డిత్. హోటల్లో సూపు చల్లగా ఉందని వెనక్కి పంపి, వేడి చేసి తెస్తే నాలుక కాలిందని పంపి, చివరికి ఇంత ఆలస్యమేమిటని యజమానిని పిలిపించే మనిషి. ఇద్దరు భర్తల్ని వదిలేసింది. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, కాకపోతే ఒకడు అలాస్కాలో, ఇంకొకడు ఆ మాటకొస్తే ఇంకా దూరంలో.

నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ పండగ రోజున ఆమె మా ఊరు వచ్చింది. వెండెల్ పండక్కి వండిన టర్కీ కోడిని కోస్తున్నాడు.

"బావా, నీకో శుభవార్త. ముందు ఆ కత్తి కింద పెట్టు."

"చెప్పు, కోస్తూ వింటాలే."

"మీ పక్క స్థలం కొన్నాను."

వెండెల్ కత్తి కింద పెట్టాడు. "ఏ పక్కది?"

"రెండో పక్క కాలువేగా, దాన్నెవరు కొంటారు? ఇటు పక్కదే. ఇల్లు కట్టుకుని వచ్చేద్దామా అని చూస్తున్నా. ఇంకా గట్టిగా అనుకోలేదులే. నువ్వేమంటావు? మాంసం ఎండిపోయింది, చూసుకున్నావా?"

"మీ బాధ నాకు అర్థమైంది," అన్నాడు వెండెల్. అలవాటు.

నోలా, మొగుడి మొహం చూసి, చెల్లెలి మొహం చూసి, "ఆ బంగాళాదుంపలు ఇటు అందుకోండి" అంది.

ఇక్కడ మా ఊరి గుడ్లగూబల గురించి చెప్పాలి. గుడ్లగూబ అనగానే మీరు చెట్టుతొర్రా, చీకటీ ఊహించుకుంటారు. మావి చెట్టెక్కవు. నేలలో బొరియ తవ్వుకుని, పట్టపగలు దాని గుమ్మం ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తుంటాయి. మొత్తం జానెడెత్తు. అందులో సగం కాళ్లే. వదులు నిక్కరు వేసుకున్న బక్క మాస్టారిలా ఉంటుంది చూడ్డానికి. కళ్లు పసుపు. ఆ కళ్లు గుంటల్లో బిగించేసి ఉంటాయి, పక్కకు తిప్పలేదు. అందుకని తలనే తిప్పుతుంది. దాని చుట్టూ మీరు నడుస్తూ పోతే తలను మీతోపాటే తిప్పుకుంటూ వీపు దాటించేస్తుంది. ఇక ఊడిపడుతుందేమో అనుకునేలోపు చటుక్కున అటు నుంచి ఇటు తెచ్చేస్తుంది. మీరు ఎంత దూరంలో ఉన్నారో తేల్చుకోవడానికి పైకీ కిందకీ కుంగుతుంది, పక్కలకు ఊగుతుంది. కొత్తవాళ్లు నమస్కారం అనుకుని మురిసిపోతారు. కొలత తీసుకుంటోంది, అంతే.

గుడ్లగూబ ఇంటి మీద వాలితే ఇల్లు ఖాళీ చేయాలని కొన్నిచోట్ల నమ్ముతారట. మా ఊళ్లో అది స్థలంలో దిగితే ఇల్లు కట్టకూడదు. ఇది నమ్మకం కాదు, చట్టం. బొరియలో గుడ్లో పిల్లలో ఉన్నంతకాలం దరిదాపుల్లో పలుగు దించకూడదు. ఆ తర్వాత పూడ్చాలన్నా సర్కారు అనుమతి ఉండాలి. అందుకే మా ఊళ్లో మేస్త్రీలు స్థలం చూడ్డానికి వస్తే ముందు నేలను చూస్తారు, తర్వాత దేవుణ్ణి తలుచుకుంటారు.

పండగ అయిన మర్నాడే వెండెల్ గుడ్లగూబల సంఘం అధ్యక్షురాలు టామ్సిన్ ఓడెల్ ఇంటికి వెళ్లాడు. ఆమె చెవులకు గుడ్లగూబ లోలాకులు, చొక్కా మీద గుడ్లగూబ, కారు వెనక గుడ్లగూబ. మొగుడు మాత్రం మామూలు మనిషే.

"గుడ్లగూబలు రావాలంటే ఏం చేయాలండీ?" అన్నాడు వెండెల్, గుండెల మీద టోపీ పెట్టుకుని.

"వెండెల్! ఇన్నాళ్లకు మీకు బుద్ధి పుట్టిందన్నమాట! మీ గడ్డి తవ్వనిస్తారా?"

"నా గడ్డినా?" అన్నాడు వెండెల్. "లేదండీ, పక్క స్థలంలో. మా మరదలిది. ఆమె ఇల్లు కట్టుకోబోయే ముందు ఆ పిట్టలకూ కాస్త నీడ దొరికితే బాగుంటుందని..."

"ఆమె ఒప్పుకోవాలి. అడిగారా? సరే, అడగండి. ముందు ఆ పిచ్చిగడ్డంతా కోసేయండి, నున్నగా. గడ్డి పెరిగితే పిల్లి వస్తోందో పాము వస్తోందో ఆ పొట్టిదానికి కనబడదు, అందుకే అటు రాదు. తర్వాత పచ్చిక గుండ్రంగా కోసి తీసేసి, చేయి పట్టేంత బొరియ ఏటవాలుగా తవ్వండి. తీసిన ఇసుక ముందే కుప్ప పోసి ఉంచండి."

"అదెందుకు?"

"పైనుంచి ఇసుక కనబడాలి. ఎవరో మొదలుపెట్టి వదిలేసి పోయారనుకుని వచ్చి చేరతాయి."

ఈ విషయంలో గుడ్లగూబల ఆలోచనకూ ఫ్లోరిడా స్థలాల వ్యాపారుల ఆలోచనకూ ఏమీ తేడా లేదు.

ఆర్డిత్ టొలీడోలో తన ఇల్లు చేరిన రోజే వెండెల్ ఆమెకు ఫోన్ చేశాడు. అతని జన్మలో ఆర్డిత్‌కు తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు.

"ఎవరు పోయారు?" అంది ఆర్డిత్.

"ఎవరూ పోలేదు. నీ స్థలంలో గడ్డి కోద్దామని. ఒక మూల పిట్టలకు చిన్న బొరియ కూడా తవ్వుదామని. నీకేమైనా అభ్యంతరమా?"

అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు. ఫోను చెడిపోయిందనుకుని వెండెల్ సంతోషించబోయాడు.

"బావా," అంది చివరికి. "ఇల్లు అమ్మాలా వద్దా అని ఊగుతున్నాను తెలుసా? నీకు నేనంటే పడదేమోనని నోలాతో కూడా అన్నాను. నా స్థలంలో నువ్వు గడ్డి కోస్తావా? నాకోసం పిట్టల్ని పిలుస్తావా? ఇంక ఆలోచించేదేముంది! రేపే ఈ ఇల్లు అమ్మకానికి పెడుతున్నా."

"తొందరేముంది..." అన్నాడు వెండెల్. ఈసారి ఆమె నిజంగానే ఫోను పెట్టేసింది.

ఇంకొకరైతే అక్కడితో ఆగేవాళ్లు. వెండెల్ మాత్రం ఇప్పుడు గుడ్లగూబలు తప్ప గతి లేదనుకున్నాడు. ప్రతి శనివారం తన గడ్డి కోసి, వెంటనే ఆ గడ్డీ కోశాడు. బొరియ తవ్వాడు. ఎక్కడ తవ్వాలన్నది చాలాసేపు ఆలోచించాడు. ఈ పక్షులు గుమ్మం ముందు పశువుల పేడో, కుక్కల పెంటో తెచ్చి అలంకరిస్తాయి. ఆ వాసనకు వచ్చిన పేడపురుగుల్ని నిలబడ్డచోటనే నిలబడి తింటాయి. ఇంటికి సరుకులు తెప్పించుకునే పద్ధతుల్లో ఇంత తెలివైనది నేను చూడలేదు. అయితే ఆ వైభవం తన గడ్డి దరిదాపులకు రాకూడదని వెండెల్ పట్టుదల. అందుకని స్థలానికి అటు చివర, తన ఇంటికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో తవ్వాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

చలికాలం పోతుండగా ఒక జంట వచ్చింది. మగది మొదట ఇసుక కుప్పెక్కి నిలబడి, ఊరినంతా ఒకసారి కొలిచింది. ఆడది లోపలికి వెళ్లి చూసి, కాళ్లతో ఇసుక బయటికి చిమ్మడం మొదలుపెట్టింది. వెండెల్ తవ్వింది ఆమెకు నచ్చలేదని, మళ్లీ తవ్వుకుంటోందని తెలుస్తూనే ఉంది. కొద్దిరోజుల్లో గుమ్మం ముందు కుక్కపెంట, సిగరెట్ పీకలు, ఎవరిదో గాల్ఫ్ చేతితొడుగు, చాక్లెట్ కాగితాలు కొలువుతీరాయి. టామ్సిన్ వచ్చి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టింది. వెండెల్‌ను కౌగిలించుకుంది. లోలాకు అతని కాలరుకు తగులుకుని, ఇద్దరూ కాసేపు విడిపోలేకపోయారు.

తర్వాత ఆడది బయటికి రావడం మానేసింది. గుడ్లు పెట్టిందన్నమాట.

సరిగ్గా అప్పుడే ఇల్లు కట్టడానికి ఆర్డిత్ కుదుర్చుకున్న మేస్త్రీ ఎస్టెబన్ మనుషులతో వచ్చాడు. తాడు చూశాడు. తాడు లోపల ఒంటికాలి మీద నిలబడి తనను చూస్తున్న ఆసామిని చూశాడు.

"అయిపోయింది మన పని," అన్నాడు. "బండెక్కండిరా."

"అయ్యో, ఎన్నాళ్లు పడుతుందంటారు?" అన్నాడు వెండెల్, చల్లటి బీరు తెచ్చి చేతిలో పెడుతూ.

"వాళ్లావిణ్ణి అడగాలి," అన్నాడు ఎస్టెబన్ బొరియకేసి చూపించి. "నన్నడిగితే ఏం లాభం?"

వెండెల్ ఆ మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఈల వేశాడని నోలా నాతో చెప్పింది. పెళ్లయ్యాక అతడు ఈల వేయగలడని ఆమెకు తెలియడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా వాళ్లింటి ముందు ఒక లారీ ఆగింది. అందులోంచి మంచం, వ్యాయామానికి ఉన్నచోటే నడిచే యంత్రం, ఎలక్ట్రిక్ పియానో, చివరగా ఆర్డిత్ దిగారు.

"ఇల్లు అమ్ముడుపోయింది బావా! కొన్నవాళ్లు వెంటనే ఖాళీ చేయమన్నారు. ఇక్కడ చూస్తే ఇల్లే మొదలవలేదంటాడు ఆ మేస్త్రీ. పిట్టలు లేచేదాకా ఆగాలట. సరేలే, మీ దగ్గర గది ఖాళీగానే ఉందిగా?"

"ఉంది," అంది నోలా.

"మాకు... నాకు మీ బాధ అర్థమైంది," అన్నాడు వెండెల్.

అప్పటినుంచి వెండెల్ బతుకు వరండాలోంచి వాకిట్లోకి మారింది. లోపల కాఫీ నీళ్లగా ఉందన్న ఫిర్యాదు, దిండు ఎత్తుగా ఉందన్న ఫిర్యాదు, ఫ్లోరిడాలో ఎండ ఎక్కువన్న ఫిర్యాదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతుండేవి. అతడు టోపీ పెట్టుకుని పొద్దున్నే బయటికొచ్చి గడ్డిలో నిలబడేవాడు. అవతల తాడు లోపల మగ గుడ్లగూబ నిలబడేది. ఆ పక్షుల్లో ఆడది నెల్లాళ్లు నేల కింద చల్లగా కూర్చుని పొదుగుతుంది. మగది ఎండలో కాపలా కాస్తూ తొండల్నీ కప్పల్నీ తెచ్చిపెడుతుంటుంది. అందువల్ల దాని ఈకలు వెలిసిపోయి ఆడదానికన్నా పాలిపోయి కనిపిస్తాయి. వేసవి మొదలయ్యేసరికి వెండెల్ చొక్కా కూడా అదే రంగుకు వచ్చింది.

ఆర్డిత్ గుడ్లగూబల మీద ఫిర్యాదు చేయకుండా ఉండగలదా? ఒకరోజు తాడు మీదుగా వంగి బొరియలోకి చూసింది. అప్పటికి పిల్లలు పుట్టాయి. లోపల్నుంచి గిలక్కాయ పాము తోక ఆడించినట్టు బుస్సుమని ఒక చప్పుడు. ఆర్డిత్ వెనక్కి గెంతి గడ్డి మీద కూలబడింది.

"పాము! బావా, లోపల పాముంది!"

"పాము కాదు. పిల్లలే అలా అరుస్తాయి. భయపెట్టడానికి."

"నన్నా?" అంది ఆర్డిత్. లేచి, బట్టలు దులుపుకుని, మళ్లీ వెళ్లి వంగి, పళ్ల సందునుంచి తాను కూడా బుస్సుమంది. లోపల్నుంచి జవాబు వచ్చింది. ఆమె ఇంకా గట్టిగా అంది. జవాబు ఇంకా గట్టిగా వచ్చింది. ఎదురు చెప్పినవాళ్లను ఆర్డిత్ అంతదాకా చూడలేదు. మొగుళ్లిద్దరూ అలాస్కాకూ ఆవలికీ పారిపోయారు గాని, ఇలా నిలబడి బుసకొట్టలేదు.

ఆ రోజునుంచి ఆమె కుర్చీ అక్కడే. మగదానికి మొదటి మొగుడి పేరు క్లైడ్ అని పెట్టింది.

"పొద్దస్తమానం గుమ్మం దగ్గర నిలబడి ఊరంతా చూస్తాడు, అడిగితే పని చేస్తున్నానంటాడు. క్లైడే! ఏయ్ క్లైడ్, ఆ తొండను పిల్లలకిస్తావా, నువ్వే మింగుతావా? చూడు నోలా, నిమిషానికోసారి ఎలా కుంగుతున్నాడో."

"నిన్ను కొలుస్తున్నాడు," అంది నోలా.

పిల్లలు బయటికొచ్చాయి. బొరియ అంచున వరసగా నిలబడి, అన్నీ ఒకేసారి తలలు ఒకవైపుకు తిప్పి, ఒకేసారి తిన్నదాంట్లో అరగని ఎముకల్నీ పురుగుల రెక్కల్నీ ఉండలుగా కక్కాయి. ఆర్డిత్ చప్పట్లు కొట్టింది. అదే ఉండ హోటల్లో ఆమె పళ్లెంలో కనిపించి ఉంటే ఆ హోటల్ ఈ పాటికి మూతపడేది.

వెండెల్ ఎదురుచూసింది మాత్రం అవి ఎగరడం కోసం. ఎగిరాయి. కంచె మీదికి, తపాలా పెట్టె మీదికి, తిరిగి బొరియలోకి. ఊరొదిలి పోయే ఉద్దేశం ఏ ఒక్కదానికీ ఉన్నట్టు లేదు. మా గుడ్లగూబలు వలస పోవు. వెండెల్ పిలిచేటప్పుడు ఆ సంగతి అడగలేదు.

అతడు మళ్లీ టామ్సిన్ దగ్గరికి వెళ్లాడు.

"పిల్లలు పెద్దవయ్యాయి కదండీ. ఇప్పుడు ఆ బొరియ పూడ్చడానికి అనుమతి ఇప్పించే మార్గం ఏదైనా..."

టామ్సిన్ లోలాకులు ఊగడం మానేశాయి. "పూడ్చడమా? మీరేనా ఈ మాట అంటున్నది? మీ ఫోటో మా సంఘం క్యాలెండర్లో వేయించాం!"

"ఆర్డిత్ ఇల్లు కట్టుకోవాలి కదా పాపం. ఎన్నాళ్లని మా ఇంట్లో ఇబ్బంది పడుతుంది?"

ఆమె తలుపు వేసేసింది. వెండెల్ ఇల్లు చేరేలోపే ఆమె ఫోను చేరింది.

ఆ పూట భోజనాల బల్ల దగ్గర ఆర్డిత్ ఫోర్కు పళ్లెంలో పెట్టింది.

"బావా, నాకొకటి అర్థం కాలేదు. చలికాలంలో నువ్వే తవ్వావు. ఎండాకాలంలో నువ్వే పూడుస్తానంటున్నావు. ఏమైంది నీకు?"

వెండెల్ నోరు తెరిచాడు. ఉద్యోగమంతా వాడిన ఆ ఒక్క వాక్యం ఇక్కడ పనికిరాదని తెలిసి మూసుకున్నాడు.

"నువ్వు రాకూడదని తవ్వాడు," అంది నోలా, మొక్కజొన్నపొత్తుకు వెన్న రాస్తూ. "నువ్వు పోవాలని పూడుస్తానంటున్నాడు. ఉప్పు అందుకో."

నోలా ఆ ఇంట్లో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం చాలాకాలానికి. ఆర్డిత్ వెండెల్‌ను చూసింది. వెండెల్ జొన్నపొత్తును చూశాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగాడు భార్యను.

"పక్కవాళ్ల గడ్డి నువ్వు ఊరికే కోస్తావా?"

ఆర్డిత్ ఒక్క మాటా అనకుండా లేచి గదిలోకి వెళ్లిపోయింది. వెండెల్ కోరుకున్న నిశ్శబ్దం చివరికి వచ్చింది. అది గదిలోంచి వచ్చి, హాల్లో కూర్చుని, వంటింట్లోకి తొంగిచూసింది. మర్నాడూ ఉంది, మూడోనాడూ ఉంది. ఆమె కాఫీ తాగింది, నీళ్లగా ఉందనలేదు. నాలుగో రోజున వెండెల్ తానే వెళ్లి, "కాఫీ ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగుంది" అంది. వెండెల్‌కు ముచ్చెమటలు పోశాయి. ఆ మాట ఆమె నోట రావడం అంత భయంకరంగా ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఐదో రోజున ఎస్టెబన్ ఇంటికి కొత్త పటం గీసుకుని వచ్చాడు. ఆర్డిత్ పిలిపించింది. వరండాలో బల్ల మీద పరిచాడు.

"క్లైడ్ కుటుంబాన్ని నేను కదిలించను," అంది ఆమె, అందరితోనూ, ఎవరికేసీ చూడకుండా. "ఇల్లు మాత్రం కట్టుకుంటాను. ఒకళ్ల ఇంట్లో భారంగా ఉండను."

"కట్టొచ్చు," అన్నాడు ఎస్టెబన్. "బొరియ చుట్టూ చట్టం చెప్పిన దూరం వదిలేయాలి. బొరియేమో అటు చివరన ఉంది. అంత దూరం వదిలితే ఇల్లంతా ఇటు జరగాలి." వేలు పటం మీద జరుపుతూ వచ్చి వెండెల్ గోడ దగ్గర ఆపాడు. "ఇదిగో, ఇక్కడికి. మామూలుగా పక్కింటికి ఇంత దగ్గరగా కట్టనివ్వరు. పక్కింటాయన ఒప్పుకుంటే కుదురుతుంది."

వెండెల్ పటం చూశాడు. వంటింటి కిటికీ తన వరండా కుర్చీకి ఎదురుగా, చేయి చాపితే అందేంత దగ్గర్లో గీసి ఉంది. అతడు తవ్విన బొరియ ఇంకాస్త ఇటు ఉండి ఉంటే ఆ ఇల్లు అటు పోయేది. ఇంకాస్త ఇటు తవ్వకపోవడానికి కారణం అతని గడ్డి.

"ఒప్పుకోకపోతే?" అన్నాడు నెమ్మదిగా.

"ఏముంది, ఇల్లు లేదు," అన్నాడు ఎస్టెబన్. "అమ్మగారు ఇక్కడే ఉంటారు."

లోపల నడిచే యంత్రం నిశ్శబ్దంగా ఉంది. పియానో నిశ్శబ్దంగా ఉంది. ఆర్డిత్ కాలువకేసి చూస్తోంది. వెండెల్ ఎస్టెబన్ జేబులోంచి పెన్ను తానే లాక్కుని సంతకం పెట్టాడు. పెట్టి, "కిటికీ కాస్త పెద్దది పెట్టించుకో, గాలి వస్తుంది" అన్నాడు. అతని జీవితంలో అది క్షమాపణకు అతి దగ్గరగా వచ్చిన వాక్యం.

"పెద్ద కిటికీ అయితే ఎండ కొడుతుంది," అంది ఆర్డిత్. "నీకు బొత్తిగా తెలియదు బావా. ఈ ఎస్టెబన్ పటం కూడా వంకరగా గీశాడు. అసలు ఈ కుర్చీలో ఎవరైనా కూర్చోగలరా?"

నోలా లోపలికి వెళ్లి అందరికీ కాఫీ పెట్టింది.

ఇల్లు మళ్లీ చలికాలానికి పూర్తయింది. ఆర్డిత్ దిగిన మొదటి శనివారం వెండెల్ తన గడ్డి కోసి, తాడు చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని చేతికత్తెరతో ఆ గడ్డీ కోసి, వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. కిటికీ తెరుచుకుంది.

"బావా, కాలువ వైపు గడ్డి కోతలో ఒక వరస వంకర పోయింది, చూసుకున్నావా?"

"పోలేదు."

"పోయిందంటున్నాగా. ఇక్కణ్ణుంచి నాకు బాగా కనబడుతోంది."

వెండెల్ లేచి వెళ్లి చూశాడు. పోయింది.